కారణం రాయని లైను

జూన్ 3, సోమవారం

ఆరు వారాలట. ఆరే వారాలు.

డయాలిసిస్ వార్డు ప్రోగ్రాం మొత్తం మళ్ళీ మొదటినుంచి రాయాలి. ఏ రోగి ఏ రోజు, ఏ షిఫ్టులో, ఏ మిషన్ మీద పడుకోవాలో చెప్పేది అదే. అది నడుస్తున్న పాత కంప్యూటరు ఇవాళో రేపో కన్ను మూసేలా ఉంది. కొత్తది రాయడానికి ఎనిమిది నెలలు కావాలని నేను చెప్పి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ పలకని డైరెక్టరు ఈరోజు పిలిచి, "జులై పదిహేనుకు కొత్తది నడవాలి. మీవల్ల కాదంటే చెప్పండి, బయట కంపెనీకి ఇచ్చేస్తాం. మీరు రికార్డు రూము చూసుకుందురు గాని. అక్కడ పని తక్కువ, మీకూ సుఖం" అన్నాడు.

సుఖమట! పాత ఫైళ్ళు స్కాన్ చేసేవాళ్ళకు కాపలా కూర్చోవడం సుఖం. యాభై ఒకటో ఏట నాకు సుఖం కావాలని ఈయనకు ఎవరు చెప్పారో. "అవుతుంది సార్" అనేశాను. ఎలా అవుతుందో నాకే తెలియదు. నా నోరు ఎప్పుడూ నాకంటే ముందు పరుగెత్తుతుంది.

నా పక్క కుర్చీ పిల్లను ఆఫీసంతా మెరుపు అంటారు. నేను ఒక ఫైలు తెరిచేలోపు తను రెండు మూసేస్తుంది. సంగతి విని, అడగకుండానే నా కంప్యూటర్లో ఆ ఏఐ పనిముట్టు పెట్టింది. 

"మీరు మామూలు మాటల్లో చెప్పండి మేడమ్. కోడ్ అది రాసుకుంటుంది."

"మరి నేనెందుకమ్మా?"

"చెప్పడానికి" అంది.

జూన్ 4

రోగుల నమోదు పేజీ నలభై నిమిషాల్లో అయిపోయింది. అప్పట్లో నాకు పదకొండు రోజులు పట్టిన పేజీ. కుర్చీలోంచి లేచి కిటికీ దాకా వెళ్ళి, ఊరికే వీధి చూసి వచ్చాను.

జూన్ 7

దానికి మరిది అని పేరు పెట్టాను. మా ఆయన ఒక్కడే కొడుకు కాబట్టి పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళుగా నాకు మరిది లేని లోటు ఉండిపోయింది. ఇప్పుడది తీరింది. ఏం చెప్పినా కాదనడు. వెయ్యిసార్లు మార్చమన్నా విసుక్కోడు. తప్పు పడితే వెంటనే "మీరు చెప్పింది నిజమే" అంటాడు. మా ఇంట్లో ఆ మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

సాయంత్రం ముందు గదిలో మా ఆయన కోటు కత్తిరిస్తుంటే ఇదంతా చెప్పాను. ఆ గదే ఆయన కుట్టు దుకాణం. సుద్దముక్క చెవి మీద పెట్టుకుని విన్నాడు.

"అంత మంచివాడైతే జీతం కూడా వాడికే ఇస్తారేమో చూసుకో" అన్నాడు.

"మీ తమ్ముడే కదా, ఇంట్లోనే ఉంటుంది" అన్నాను.

అసలే మిషన్ కాలు ఊగుతోందని చిరాకులో ఉన్నాడు, అయినా నవ్వాడు.

జూన్ 12

పని నల్లేరు మీద బండి నడకలా సాగుతోంది. ఇరవై నాలుగు మిషన్లు, రోజుకు మూడు షిఫ్టులు, నూట నలభై మూడు మంది రోగులు. వీటిని సర్దే భాగమే అన్నిటికంటే కష్టం. రెండు నెలలు పడుతుందని నేను రాసిచ్చింది అదే. నాలుగు రోజుల్లో ముగించాం. ముగించాం అంటున్నాను, చూశావా. మరిదికి వాటా ఇస్తున్నాను.

పాత కోడ్ చదువుతుంటే మాత్రం ఒళ్ళు మండుతోంది. సగం చోట్ల ఏం చేస్తోందో ఉంటుంది, ఎందుకు చేస్తోందో ఉండదు. అంతా మా ముసలాయన నిర్వాకం. నాకు మొదటి ఆఫీసరు ఆయనే, రిటైరై తొమ్మిదేళ్ళయింది. మంచివాడే కానీ కారణం చెప్పే అలవాటు లేదు. "అది అంతే" అనేవాడు.

జూన్ 19

ఈరోజు మరిది ఒక్కచోట ఆగాడు. "ఒకే ఫోన్ నంబరు ఉన్న రోగులను ఒకే షిఫ్టులో ఉంచే లైను ఒకటి పాత ప్రోగ్రాంలో ఉంది. కారణం ఎక్కడా రాసి లేదు. ఉంచమంటారా?" అని అడిగాడు.

ఇద్దరు వేరువేరు మనుషులకు ఒకే నంబరు ఎందుకుంటుంది? నమోదు చేసేవాళ్ళు పై వరుసలోది చూసి కింద కొట్టేసి ఉంటారు. ఆ తప్పును పట్టుకుని ముసలాయన ఇంకో ముడి వేశాడు. పైగా ఈ లైను ఉంటే షిఫ్టులు సర్దడానికి ఆరు నిమిషాలు, తీసేస్తే తొమ్మిది సెకన్లు.

తీసేయమన్నాను. తొమ్మిది సెకన్లు!

జూన్ 20

టెస్టులు మూడు వందల పన్నెండు. ప్రోగ్రాం సరిగ్గా పని చేస్తోందో లేదో చూసే పరీక్షలు. ఇవి రాయడం నాకు చిన్నప్పటి లెక్కల హోంవర్కంత ఇష్టం. మరిదినే రాసెయ్యమన్నాను. మధ్యాహ్నానికి రాసేశాడు. నడిపితే మూడు వందల పన్నెండూ పచ్చగా వెలిగాయి. ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి ఎర్రగా లేదు.

జూన్ 26, బుధవారం

రాసి పెట్టుకోవాలి, ముసలిదాన్నయ్యాక చదువుకోవడానికి. ఎనిమిది నెలల పని ఇరవై మూడు రోజుల్లో చేశాను. పెద్ద తెర మీద చూపించాను. తొమ్మిది సెకన్లలో వారం మొత్తం సర్దుకుని కళ్ళ ముందు నిలబడితే డైరెక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "మళ్ళీ ఒకసారి నడపండి" అన్నాడు. మళ్ళీ నడిపాను. మళ్ళీ తొమ్మిదే. చప్పట్లు కొట్టారు. జులై ఒకటి నుంచి వార్డులో కొత్త జాబితాతో పరీక్షగా నడుపుతారు. రికార్డు రూము ఊసే రాలేదు.

బయటికి వస్తుంటే మెరుపు అడిగింది.

"మేడమ్, టెస్టులు ఎవరు రాశారు?"

"మరిదే."

"కోడ్ రాసింది కూడా..."

"వాడే."

నా ముఖంలోకి ఒకసారి చూసి ముందు నడిచి వెళ్ళిపోయింది. కొంచెం అసూయ ఉంటుంది, సహజం. నేనూ ఒకప్పుడు చిన్నదాన్నే.

జులై 1

మొదలైంది. పదింటికి వార్డుకు వెళ్ళి చూశాను. మొదటి షిఫ్టు దిగింది, రెండో షిఫ్టు ఎక్కింది. మిషన్ ఒక్కటీ ఖాళీ లేదు. వార్డు మొత్తం చూసుకునే పెద్ద సిస్టర్ జాబితా చేతిలో పట్టుకుని, "పేర్లన్నీ స్పష్టంగా ఉన్నాయి మేడమ్" అంది. ఆవిడ నోట పొగడ్త రావడం అంటే మాటలా?

వరండా బల్ల మీద చేతికి కట్టు కట్టిన ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. బండి కోసమట.

జులై 2

వరండాలో బల్లలు చాలడం లేదని పెద్ద సిస్టర్ అంది. డయాలిసిస్ అయిపోయినవాళ్ళు ఇళ్ళకు పోవడం లేదట. బండ్లు ఆలస్యం అయి ఉంటాయి. వాన కూడా పడుతోంది. బండ్లతో నా ప్రోగ్రాంకేం సంబంధం? షిఫ్టులు సరిగ్గా సర్దడమే నా పని. సర్దాను.

నిజంగా సంబంధం లేదు.

జులై 3, బుధవారం

ఉంది.

ఉదయం వానే లేదు. బల్లలు మాత్రం నిండి ఉన్నాయి. సోమవారం చూసిన పెద్దాయన మళ్ళీ అక్కడే. నాలుగు గంటలు మిషన్ మీద ఉండి దిగిన మనిషి ఎలా ఉంటాడో తెలుసు కదా, పిండేసిన బట్టలా ఉన్నాడు. తల గోడకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. పక్కన కూర్చున్నాను.

"బండి రాలేదా బాబాయ్?"

"బండి కిందే ఉందమ్మా. ఆవిడ రావద్దూ?"

"ఎవరావిడ?"

"మా వీధావిడే. ఎప్పుడూ ఇద్దరం కలిసే పడుకుంటాం, కలిసే దిగుతాం. ఈ వారం ఆవిడను రెండో షిఫ్టులో వేశారు. మూడింటికి గాని దిగదు. బండి ఒక్కటే, రెండుసార్లు ఎలా తిరుగుతుంది పాపం."

"ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేసి పిలిపించమంటారా? మీ నంబరు చెప్పండి."

"నాకు ఫోనెక్కడిది? ఆసుపత్రిలో బండబ్బాయి నంబరే ఇచ్చాం. ఆవిడదీ అదే."

ఒకే నంబరు. నేను తీసేయించిన లైను. ఐదు గంటలు, అలా గోడకు తల ఆనించి. బల్లల మీద ఉన్నవాళ్ళను లెక్కపెట్టాను. పదమూడు మంది.

పైకి వచ్చి పాత కోడ్ తెరిచాను. ఆ లైను ఎవరు రాశారో చూశాను. ఆ పక్కన తేదీ, రాసిన మనిషి పొడి అక్షరాలు ఉంటాయి. అవి ముసలాయనవి కావు.

నావి. పద్నాలుగేళ్ళ కిందటి మార్చి తొమ్మిది.

ఎంత తల పట్టుకున్నా గుర్తు రాలేదు. ఇంటికి రాగానే అటక మీద పాత డైరీలన్నీ దింపాను. అన్నీ ఉన్నాయి, ఆ సంవత్సరానిది తప్ప. మా ఆయన గది గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నావు?"

చెప్పాను. ఆయన ముందు గదిలోకి వెళ్ళి కుట్టు మిషన్ పక్కకు ఎత్తాడు. కాలు కింద నా డైరీ. నాలుగు మూలల్లో ఒక మూల పూర్తిగా అణిగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి ఉందిక్కడ?"

"నువ్వు అప్పుడు పారేస్తానన్నావు. సరిగ్గా సరిపోయింది. ఈ మధ్యే అణిగి ఊగుతోంది."

"చదివారా?"

"కాలు కింద పెట్టినది చదవడమేంటి? నీ రాతలు నీవి" అన్నాడు. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఈ మనిషి మీద నాకు ఇంత ప్రేమ కలిగిన రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

మార్చి తొమ్మిది పేజీ అంటుకుపోయి ఉంది. మెల్లగా విడదీశాను. ఇక్కడ ఉన్నది ఉన్నట్టు దించుకుంటున్నాను.

"వార్డులో కూర్చోవడం ఇది ఏడో రోజు. పని ఎలా జరుగుతుందో కళ్ళతో చూడకుండా ప్రోగ్రాం రాయకూడదని ముసలాయన పట్టుబట్టాడు, అందుకని. ఈరోజు ఇద్దరిని చూశాను. ఆవిడకు చూపు లేదు. ఆయనకు మోకాళ్ళు పని చేయవు. మెట్లు దిగేటప్పుడు ఆయన దారి చెబుతాడు, ఆవిడ భుజం ఇస్తుంది. ఇద్దరూ కలిస్తే ఒక మనిషి నడిచినట్టు నడుస్తారు. ఒకే బండిలో వచ్చారు, ఇద్దరి నంబరూ బండివాడిదే. ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. అందుకని ఒకే నంబరు ఉంటే ఒకే షిఫ్టు అని ఒక లైను రాశాను. కారణం కూడా పక్కన రాయమన్నాడు ముసలాయన. ఎందుకు రాయడం? ఇది నేను మరిచిపోతానా?"

మరిచిపోతానా అట. పొగరు చూడు. చెంప పగలగొట్టాలని ఉంది, కానీ ఎవరి చెంప?

ఇప్పుడు ఏం చేయాలి? ఆ లైను చడీచప్పుడు లేకుండా తిరిగి పెట్టేయవచ్చు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియదు. చెబితే పరీక్ష ఆపాలి. ఆపితే రికార్డు రూము.

జులై 4

చెప్పేశాను.

ముందు వార్డుకు వెళ్ళి, ఈరోజు నుంచే పాత జాబితా వాడమని పెద్ద సిస్టర్‌కు చెప్పాను. తర్వాత డైరెక్టరు దగ్గరికి. మెరుపు కూడా అక్కడే ఉంది. పరీక్ష ఆపేశానని, ఒక లైను తీసేసి తప్పు చేశానని, మరిది అడిగినా నేనే తీసేయమన్నానని, పదమూడు మంది రోగులు బల్లల మీద పడిగాపులు పడ్డారని వరుసగా చెప్పాను.

"మూడు వందల పన్నెండు టెస్టులు పాసయ్యాయన్నారు?" అన్నాడు.

"పాసవుతాయి సార్. ప్రశ్నాపత్రం రాసినవాడే జవాబులు కూడా రాసుకున్నాడు."

మెరుపు తల దించుకుంది. నవ్వు దాచుకోవడానికి అనుకున్నాను. కాదు, పైకెత్తినప్పుడు చూస్తే దాని కళ్ళల్లో దిగులు. నా కోసం. నిన్నటిదాకా దాన్ని అసూయ అని రాసుకున్నాను నేను.

"ఇంకెన్ని నెలలు?" అన్నాడు డైరెక్టరు. నెలలు అనే మాటను ఒత్తి పలికాడు.

"సోమవారానికి" అన్నాను.

మళ్ళీ నోరే. కానీ ఈసారి నోటి వెనక నేను కూడా ఉన్నాను.

జులై 5, 6

గురువారం మధ్యాహ్నం నుంచి కంప్యూటరు తాకలేదు. వార్డులో నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. కింద బండ్లు ఆగేచోట నిలబడి ఒక్కొక్క డ్రైవరునూ అడిగాను. ఒక బండిలో ఏడుగురు వస్తారట! మిషన్లు ఖాళీ లేక ఏడుగురినీ ఒకే షిఫ్టులో వేయలేకపోతే ఏం చేయాలి? "నలుగురూ ముగ్గురూ అయితే రెండుసార్లు తిరిగినా గిట్టుతుందమ్మా, ఒంటరిగా ఒక్కరిని మాత్రం వదలకండి" అన్నాడు డ్రైవరు. ఈ సంగతి పద్నాలుగేళ్ళ కిందట నాకూ తెలియదు.

పెద్ద సిస్టర్‌ను అడిగితే ఆవిడ చిట్టా విప్పింది. తల తిరిగేవాళ్ళను ఆఖరి షిఫ్టులో వేయకూడదు. ఫలానా ఇద్దరు అన్నదమ్ములను పక్కపక్కన వేయకూడదు, కొట్టుకుంటారు.

"ఇవన్నీ మీరు ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు ఎప్పుడు అడిగారు మేడమ్?"

శనివారం సాయంత్రానికి నలభై ఒక్క సంగతులు తేలాయి. ప్రతిదాని పక్కన కారణం. వాటి నుంచి టెస్టులు, ఈసారి మరిదికి ఇవ్వకుండా, నా చేత్తోనే రాయడం మొదలుపెట్టాను. మెరుపు పిలవకుండానే వచ్చి పక్కన కూర్చుని సగం పంచుకుంది. వాటిని మరిది ముందు రాసిన కోడ్ మీద నడిపితే పంతొమ్మిది ఎర్రగా వెలిగాయి. ఎర్ర రంగు చూసి ఇంత సంతోషించిన దాన్ని నేనే అయి ఉంటాను.

అప్పుడు మరిదికి కారణాలన్నీ చదవమని ఇచ్చాను. కోడ్ మార్చడానికి వాడికి పట్టింది ఇరవై నిమిషాలు. అడిగి తెలుసుకోవడానికి నాకు పట్టింది రెండున్నర రోజులు. వాడు లేకపోతే ఈ మార్పులకే నాకు రెండు నెలలు, అది కూడా నిజం. వాడిని తిట్టను. వాడు అడిగాడు. నేనే తొమ్మిది సెకన్ల మత్తులో ఉన్నాను.

అందరినీ ఒకేచోట కట్టేయక్కర్లేదు, ఒక్కరు ఒంటరిగా మిగలకపోతే చాలని తెలిశాక ఆ ఆరు నిమిషాలు అక్కర్లేకపోయాయి. ఇప్పుడు పదకొండు సెకన్లు. ఆ రెండు సెకన్లూ వాళ్ళవి.

జులై 8, సోమవారం

కొత్త జాబితా మళ్ళీ మొదలైంది. బల్లలు ఖాళీ.

జులై 15, సోమవారం

పాత కంప్యూటరు ఆపేశాం. దాని మీట నన్నే నొక్కమన్నారు. ముందు దాని మీది దుమ్ము తుడిచాను, పద్నాలుగేళ్ళు అన్నం పెట్టింది కదా. తర్వాత నొక్కేశాను.

కొత్త ప్రోగ్రాం ఒక్కదానితోనే మొదటి షిఫ్టు దిగింది. పెద్ద సిస్టర్ వరండా చివరిదాకా నడిచి, ఖాళీ బల్ల మీద చెయ్యి పెట్టి, అందరి ముందూ "ఇదీ ప్రోగ్రాం అంటే" అంది. డైరెక్టరు మరో మూడు వార్డుల పని నా పేరు మీద రాసిచ్చాడు. మెరుపును నాతో వేయమని అడిగాను. ఒప్పుకున్నాడు. రికార్డు రూముకు వేరే మనిషిని చూసుకుంటారట, పాపం ఆయనకు సుఖం కావాలేమో!

గెలిచాను. ఇంకో మాట ఎందుకు? గెలిచాను. ఇంటికి వస్తూ మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను, రెండో అంతస్తులో ఆయాసం వచ్చి ఆగాను, ఆగి కూడా నవ్వుకున్నాను.

మా ఆయన గుమ్మంలోనే అడిగాడు, "ఏమంటున్నాడు మా తమ్ముడు?"

"మీరు చెప్పింది నిజమే అంటున్నాడు."

"నేనేం చెప్పాను?"

"ఏమీ చెప్పలేదు. అయినా అనాలనిపించింది" అన్నాను. నేనే ఆ మాట అన్నానని ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కత్తెర కింద పెట్టేశాడు.

సెప్టెంబరు 9, సోమవారం

చాలా రోజులైంది రాసి. పని ఎక్కువ, రాయడానికి బాధలు తక్కువ.

మన ప్రోగ్రాం ఇంకో ఆసుపత్రికి కూడా కావాలన్నారు. దాన్ని ఇంకా చురుగ్గా చేయమని మెరుపు ఈ ఉదయం మరిదికి అప్పజెప్పింది. పదింటికి తెర నా వైపు తిప్పి చూపించింది. మరిది అన్నీ కుదించుకుంటూ వచ్చి ఒక్కచోట ఆగాడు. "ఈ లైను తీసేస్తే రెండు సెకన్లు మిగులుతాయి. కానీ తీయకూడదని, కారణంతో సహా రాసి ఉంది. అందుకని ఉంచుతున్నాను."

దాని పక్కన జులైలో నేను తెలుగులో రాసిన మాటలు ఉన్నాయి. "ఆవిడకు చూపు లేదు, ఆయనకు మోకాళ్ళు లేవు. ఇద్దరూ కలిసే ఇంటికి వెళ్ళాలి."

"ఎవరు మేడమ్ వీళ్ళిద్దరూ?" అంది మెరుపు.

"పేర్లు నాకూ తెలియవు. ఇప్పుడు లేరు. వాళ్ళ తర్వాతివాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు, పద" అని వార్డుకు తీసుకెళ్ళాను.

మొదటి షిఫ్టు దిగుతోంది. మా బల్ల బాబాయ్, వాళ్ళ వీధావిడ ఒకేసారి బయటికి వచ్చారు. నన్ను ఆయన గుర్తు పట్టలేదు. ఎందుకు పడతాడు, ఇప్పుడు ఆయన ఎక్కడా ఆగడం లేదు కదా. నెమ్మదిగా ఏదో కబుర్లు చెప్పుకుంటూ మెట్లు దిగి బండెక్కారు. డ్రైవరు తలుపు వేశాడు. మెరుపు కిటికీ దగ్గర నిలబడి బండి వీధి మలుపు తిరిగేదాకా చూసింది.

సాయంత్రం మా ఆయన, మిషన్ కాలు మళ్ళీ ఊగుతోంది, ఈ ఏడాది డైరీ ఎప్పుడు అయిపోతుంది అని అడిగాడు. చెక్కముక్క పెట్టుకోమన్నాను. తర్వాత ఆలోచిస్తే ఇచ్చేసినా నష్టం లేదనిపించింది. కారణం ఉండాల్సిన చోట రాసి ఉంది. ఇక నేను మరిచిపోవచ్చు.